గడ్డి కప్పిన ఇసుక దిబ్బల మధ్య రాంచ్‌కి టోపో మ్యాప్ గీయడం: నెబ్రాస్కా శాండ్‌హిల్స్ కోసం సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో ఒక మ్యాపింగ్ ఆఫీసులో నైట్ షిఫ్ట్ చేసే రోజుల్లో అమెరికా విమాన ఫొటోల మీద రోడ్లూ చెరువులూ గీసేవాణ్ణి. నెబ్రాస్కా వాయవ్య భాగం వచ్చినప్పుడల్లా ఒక వింత కనిపించేది. చూసినంత మేరా గడ్డి, మధ్యలో ఒక తెల్లటి చుక్క, దాని చుట్టూ బండి చక్రం ఆకుల్లా అన్ని వైపులకీ సన్నటి గీతలు. అవి రోడ్లు కావు, వాగులూ కావు. మాకిచ్చిన పుస్తకంలో దానికి కోడ్ లేదు కాబట్టి వదిలేసేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత ఆ నేల మీద నిలబడ్డాక గానీ సంగతి తెలియలేదు. ఆ చుక్క పశువుల నీళ్ల తొట్టి. ఆ ఆకులు ఆవులు రోజూ నడిచి వేసుకున్న దారులు. మ్యాప్ చేతికిస్తే అక్కడి రాంచర్, అంటే పశువుల్ని మేపే పెద్ద క్షేత్రం (రాంచ్) యజమాని, మొట్టమొదట వెతికేది ఆ చుక్కనే.

సుమారు పది వేల ఎకరాల రాంచ్ ఒకటి, ఒక ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే డేటా, ఉచిత మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, మూడు రోజుల తిరుగుడు. ఇవి ఉన్నాయనుకుని రాస్తున్నాను. క్యూజీఐఎస్‌లో నాలుగు లేయర్లు తెరిచిన అనుభవం ఉంటే చాలు.

ముందు ఆ నేల సంగతి

శాండ్‌హిల్స్ అంటే సుమారు 50 వేల చదరపు కిలోమీటర్ల ఇసుక దిబ్బలు. ఎడారి అనుకోకండి, దిబ్బలన్నీ గడ్డి కప్పుకుని ఉంటాయి. కొన్ని 400 అడుగుల ఎత్తు, 20 మైళ్ల పొడవు దాకా ఉన్నాయి. గడ్డి పోయిన చోట గాలి ఇసుకని తోడేసి గొయ్యి చేస్తుంది, దాన్ని అక్కడ బ్లోఅవుట్ అంటారు. వాన పడితే పారదు, ఇంకుతుంది. కింద ఒగలాలా అనే పెద్ద భూగర్భ జలాశయం ఉంది. దిబ్బల మధ్య పల్లాల్లో ఆ నీటిమట్టమే పైకి తేలి సరస్సులుగా, చిత్తడి గడ్డి భూములుగా కనిపిస్తుంది. చాలా పల్లాలకి నీళ్లు బయటికి పోయే దారే ఉండదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మ్యాప్‌లో సగం తలనొప్పి ఇక్కడి నుంచే వస్తుంది.

ఇక మనుషులు. చెర్రీ కౌంటీ విస్తీర్ణం దాదాపు మన పాత ఉమ్మడి చిత్తూరు జిల్లా అంత. 2020 జనాభా లెక్కల్లో అక్కడ ఉన్నది ఐదున్నర వేల మంది. దారి తప్పితే అడగడానికి మనిషి ఉండడు, ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల ఉండదు.

మొదటి పని కంప్యూటర్ తెరవడం కాదు

రాంచర్ వంటింటి బల్ల దగ్గర ఒక పూట కూర్చోండి. వెళ్లేటప్పుడు పాత ప్రభుత్వ టోపోషీట్ పెద్దగా ప్రింట్ తీసి పట్టుకెళ్లండి. అమెరికా జియలాజికల్ సర్వే, అంటే యూఎస్‌జీఎస్, 1:24,000 స్కేలులో గీసిన పాత షీట్లన్నీ స్కాన్ చేసి టోపోవ్యూ అనే సైట్‌లో ఉచితంగా పెట్టింది. వాటి మీద తొట్లలోకి నీళ్లు తోడే గాలిమరలు కూడా గుర్తుతో కనిపిస్తాయి. కాగితం బల్ల మీద పరిచి పెన్సిల్ ఆయన చేతికిచ్చేయండి.

అడగాల్సినవి నాలుగే. ఏ బీడుని ఏమని పిలుస్తారు, ఏ మిల్లుని ఏమని పిలుస్తారు, గేట్లు ఎక్కడ, ఏ దారిలో ఏ నెలలో బండి దిగబడుతుంది. అక్కడ గాలిమరని మిల్లు అంటారు, ప్రతి మిల్లుకీ ఒక పేరు ఉంటుంది. గేట్లలో రెండు రకాలు వేరుగా రాసుకోండి. తీగ గేటు అయితే దిగి తీయాలి. ఆటోగేట్ అంటే రోడ్డుకి అడ్డంగా గొయ్యి తవ్వి మీద ఇనుప పైపులు పరిచినది. బండి దాటుతుంది, ఆవు కాలు పెట్టదు. రాత్రిపూట ట్రైలర్‌తో వెళ్లేవాడికి ఈ తేడా ముఖ్యం.

వచ్చే రోజు ఆయన్నే అడిగి పెట్టుకోండి. వసంతంలో దూడలు పుట్టే కాలం, జులై, ఆగస్టుల్లో గడ్డి కోతలు. ఆ రోజుల్లో ఎవరికీ మనతో మాట్లాడే తీరిక ఉండదు. నేల దాదాపు అంతా ప్రైవేటుది, అనుమతి లేకుండా కంచె దాటకండి.

సెక్షన్లు, డేటమ్‌లు

అక్కడ పొలం లెక్క సెక్షన్లలో నడుస్తుంది. ఒక సెక్షన్ ఒక చదరపు మైలు, 640 ఎకరాలు. మన తెలంగాణ లెక్కలో 25,600 గుంటలు. (ఇకపై ఈ వ్యాసంలో గుంట అంటే పల్లమే, ఎకరంలో నలభయ్యో వంతు కాదు.) 36 సెక్షన్లు కలిస్తే ఒక టౌన్‌షిప్. నంబర్లు వేసే పద్ధతి మన రైతుకి వెంటనే అర్థమవుతుంది. ఈశాన్య మూలలో 1తో మొదలై పడమరకి 6 దాకా వెళ్లి, మడి చివర అరక తిప్పుకున్నట్టు కిందికి దిగి 7 నుంచి తూర్పుకి వస్తుంది. అలా తిరిగి తిరిగి ఆగ్నేయ మూలలో 36 దగ్గర ఆగుతుంది. వీటిలో 16, 36 నంబర్లవి బడుల ఖర్చు కోసం రాష్ట్రానికి ఇచ్చినవి. అందుకే ఇప్పటికీ చాలా రాంచ్‌లలో ఒక బీడు పేరు స్కూల్ సెక్షన్.

ఈ సెక్షన్ గీతలు లేయర్‌గా దించుకోవచ్చు. అయితే కంచె ఉన్న చోటే హద్దు ఉందని అనుకోకండి. ఇసుకలో గుంజ నిలవని చోట కంచెని అటో ఇటో జరిపి వేసుకుంటారు. మ్యాప్ మీద "ఇది హద్దు సర్వే కాదు" అని రాసేయండి. హద్దులు తేల్చేది లైసెన్స్ ఉన్న సర్వేయర్, మనం కాదు.

డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టే ఆధారం. పాత షీట్లు ఎన్ఏడీ 27 డేటమ్‌లో, కొత్త డేటా ఎన్ఏడీ 83లో ఉంటుంది. మార్చకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే గాలిమర కొన్ని పదుల మీటర్లు పక్కకి జరిగి చెరువులో నిలబడుతుంది. ఆ పాత డేటమ్ పుట్టింది కూడా ఒక రాంచ్‌లోనే. కాన్సాస్‌లోని మీడ్స్ రాంచ్ దగ్గర ఉన్న ఒక సర్వే గుర్తు నుంచే అమెరికా మొత్తం అక్షాంశ రేఖాంశాల లెక్క కట్టారు. మన దేశానికి మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ ఎలాగో వాళ్లకి అది అలాగ.

ప్రాజెక్ట్‌కి ఎన్ఏడీ 83, యూటీఎం (మీటర్లలో కొలిచే గడుల పద్ధతి) 14వ జోన్ పెట్టుకోండి, క్యూజీఐఎస్‌లో దాని కోడ్ ఈపీఎస్‌జీ 26914. 102 డిగ్రీల పశ్చిమ రేఖాంశం దాటితే 13వ జోన్ వస్తుంది. హయానిస్ ఊరు దాటి పడమరకి వెళ్లే వాళ్లు ఇది ఒకసారి చూసుకోవాలి.

డేటా దించుకోవడం

యూఎస్‌జీఎస్ నడిపే త్రీడెప్ కార్యక్రమం కింద విమానం నుంచి లేజర్ కిరణాలతో నేల ఎత్తులు కొలుస్తారు, అదే లైడార్. మామూలు నాణ్యతలో చదరపు మీటరుకి కనీసం రెండు పాయింట్లు ఉంటాయి, ఎత్తులో తేడా పది సెంటీమీటర్ల స్థాయిలో ఉంటుంది. నేషనల్ మ్యాప్ డౌన్‌లోడ్ సైట్‌లో రాంచ్ చుట్టూ పెట్టె గీసి, ఒక మీటరు డీఈఎం, అంటే ప్రతి గడికీ నేల ఎత్తు రాసి ఉన్న ఫైల్, ఎంచుకోండి. పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు ముక్కలుగా వస్తుంది. రాంచ్ అంచుకి బయట ఇంకో మైలు కూడా తీసుకోండి, లేకపోతే అంచు దగ్గర గుంటల లెక్క తప్పుతుంది. లైడార్ ఏ తేదీన తీశారో మెటాడేటాలో చూసి రాసుకోండి. ఇక్కడి సరస్సులు ఏడాదికో మట్టంలో ఉంటాయి.

దీంతో పాటు వ్యవసాయ శాఖ వాళ్ల నైప్ విమాన ఫొటోలు, నీటి వనరుల లేయర్, రాష్ట్ర ప్రభుత్వం దగ్గరున్న రిజిస్టర్డ్ బావుల జాబితా తీసుకోండి. మరీ పాత బావులు ఆ జాబితాలో లేకపోవచ్చు.

ముక్కలన్నీ ఒక వర్చువల్ రాస్టర్‌గా కలపండి. ఆ వెంటనే రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో 3.28084తో గుణించి ఎత్తుల్ని అడుగుల్లోకి మార్చండి. డీఈఎం వచ్చేది మీటర్లలో, అక్కడి మనుషులు మాట్లాడేది అడుగుల్లో. నేను మొదటిసారి ఇది మర్చిపోయి, ఇంటర్వెల్ (గీతకీ గీతకీ మధ్య ఎత్తు తేడా) 10 అని కొట్టి, పది అడుగుల కాంటూర్లని, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలని, లేబుల్ వేశాను. నిజానికి అవి పది మీటర్లవి, అంటే దాదాపు 33 అడుగులు. ఎత్తయిన దిబ్బలన్నీ చదునైపోయినట్టు కనిపించినా, రెండు రోజులు శాండ్‌హిల్స్ అంటే ఇంతేనేమో అనుకున్నాను.

కాంటూర్లు

ఒక మీటరు డీఈఎం నుంచి నేరుగా కాంటూరు తీస్తే గీతలు వణుకుతాయి. ఏటవాలు మీద ఆవులు అడ్డంగా నడిచి చేసిన చిన్న చిన్న మెట్లు కూడా అందులోకి వచ్చేస్తాయి. ముందు డీఈఎంని ఐదు మీటర్ల గడికి మార్చి, పైన నునుపు చేసే గాసియన్ ఫిల్టర్ ఒకటి వేయండి. మరీ ఎక్కువ నునుపు చేస్తే బ్లోఅవుట్ల పదునైన అంచులు పోతాయి. నేనైతే నాకు తెలిసిన ఒక బ్లోఅవుట్‌ని తెర మీద పెట్టుకుని, దాని పెదవి అరిగిపోయే ముందు ఆపేస్తాను.

తర్వాత రాస్టర్ మెనూలో ఎక్స్‌ట్రాక్షన్, అందులో కాంటూర్. ఇంటర్వెల్ 10 అడుగులు. ప్రతి ఐదో గీత, అంటే 50తో భాగించగలిగేది, లావుగా వేసి దాని మీదే ఎత్తు రాయండి. గోధుమ రంగు వాడండి, నీళ్లకి నీలం. ఎకరం వైశాల్యం కూడా లేని బుల్లి వలయాలు తీసేయండి, గుంటల లెక్క అయ్యాకే.

కింద హిల్‌షేడ్, అంటే ఎండ పడినట్టు నీడల చిత్రం, వేయండి, వెలుతురు వాయవ్యం నుంచి, 315 డిగ్రీలు. పెద్ద దిబ్బల నిటారు వైపు ఎక్కువగా దక్షిణానికి ఉంటుంది కాబట్టి నీడ సరిగ్గా అక్కడ పడి దిబ్బ లేచి నిలబడుతుంది. దాని సాంద్రత ముప్పై శాతం దాటనివ్వకండి, ఎండలో కాగితం చూసేవాడికి నల్లగా తప్ప ఏమీ కనిపించదు.

గుంటలు: ఇక్కడ తొందర వద్దు

మొదటి ప్రింట్ పట్టుకుని వెళ్లినప్పుడు రాంచర్ ఒక చోట వేలు పెట్టి చాలాసేపు చూశారు. "ఇక్కడ నాకు కొండ లేదే. ఇది మా పెద్ద చిత్తడి" అన్నారు. నలభై అడుగుల లోతు పల్లం, నా గీతల్లో నలభై అడుగుల కొండలా కనిపించింది. ఒకదానిలో ఒకటి వలయాలు ఉంటే కళ్లు దాన్ని కొండ అనే చదువుతాయి. పల్లాన్ని చెప్పాలంటే గీతకి లోపలి వైపు చిన్న చిన్న పళ్లు ఉండాలి. మామూలు ప్రాంతాల్లో షీటు మొత్తానికి ఒకటో రెండో ఉంటాయి. ఇక్కడ అడుగడుగునా ఉంటాయి, పైగా సాఫ్ట్‌వేర్ వాటిని దానంతట అది వేరు చేసి ఇవ్వదు.

చేయాల్సింది ఇది. నునుపు చేసిన డీఈఎం మీద ఫిల్ సింక్స్ టూల్ నడపండి. అది ప్రతి గుంటనీ అంచు దాకా నింపేస్తుంది. నింపిన దాంట్లోంచి అసలుది తీసేయండి. మిగిలేది ప్రతి గుంట లోతు. రెండు అడుగుల కన్నా తక్కువ లోతున్నవి, అర ఎకరం లోపువి వదిలేసి, మిగతా వాటిని పాలిగాన్లుగా మార్చండి. ఈ పాలిగాన్లకి పూర్తిగా లోపల ఉన్న కాంటూర్లు ఎంచుకుని వేరే లేయర్‌లో పెట్టండి. వాటికి క్యూజీఐఎస్‌లో హ్యాష్డ్ లైన్ శైలి ఇచ్చి, పళ్లు పల్లం వైపు తిరిగేలా చూడండి.

ఇంతటితో అయిపోలేదు. పెద్ద గుంట మధ్యలో ఒక చిన్న దిబ్బ ఉంటే దాని వలయం కూడా లోపలిదిగానే ఎంపికవుతుంది, దానికీ పళ్లు వచ్చేస్తాయి. పది వేల ఎకరాల్లో ఇలాంటివి చేత్తో ఏరేయడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. దీనికి దగ్గరి దారి లేదు, కూర్చుని చూడాల్సిందే. రెండో మోసం రోడ్డు కట్టలతో. హైవే గట్టు కింద తూము ఉన్నా లేజర్‌కి కనిపించదు, గట్టుకి ఇవతల నీళ్లు నిలిచినట్టు ఒక దొంగ గుంట వస్తుంది. రోడ్డుకి ఆనుకుని ఉన్న ప్రతి గుంటనీ అనుమానించండి.

ఫిల్ సింక్స్ వాడేది గుంటల్ని కనుక్కోవడానికి మాత్రమే. నింపిన డీఈఎం మీద నీటి పారుదల గీతలు తీయమని చాలా వీడియోలు చెబుతాయి. కొండ ప్రాంతాలకి అది సరే. ఇక్కడ అలా చేస్తే కంప్యూటర్ సరస్సుల్ని పూడ్చేసి, దిబ్బల మీదుగా లేని వాగుల్ని పారిస్తుంది. చూడ్డానికి అందంగా ఉంటుంది, అంతా అబద్ధం. వాగులు, నదుల కోసం నీటి వనరుల లేయర్ తీసుకుని ఫొటో మీద సరిచూసుకోండి.

ఫొటోలో తొట్లు, కంచెలు

నైప్ ఫొటో తెర మీద పెట్టి, సెక్షన్ తర్వాత సెక్షన్, అరక వరుసలోనే చూసుకుంటూ పోండి. చక్రం ఆకులు కనిపించిన చోట మధ్యలో తొట్టి. పక్కన సన్నటి పొడవాటి నీడ ఉంటే గాలిమర, చిన్న దీర్ఘచతురస్రం ఉంటే సోలార్ పలక. కంచె తీగ ఫొటోలో కనిపించదు. కంచెకి అటూ ఇటూ గడ్డి రంగులో తేడా, కంచె వెంట ఆవులు నడిచిన దారి, ఈ రెండూ చూసి గీయాలి. ఫొటోలో తేల్చుకోలేని ప్రతి చోటా ఎర్ర చుక్క పెట్టండి. ఫీల్డ్‌లో మీ పని ఆ ఎర్ర చుక్కలే.

ఫీల్డ్‌లో

క్యూజీఐఎస్ ప్రాజెక్ట్‌ని ఫోన్‌లో తెరిచే క్యూఫీల్డ్ యాప్‌లోకి ప్రాజెక్ట్ అంతా ఆఫ్‌లైన్‌లో ఎక్కించుకోండి. ఫోన్ జీపీఎస్ ఆకాశం తెరిచి ఉన్న చోట ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది, తొట్టికీ గేటుకీ అది చాలు. తొట్టి దగ్గర ఆగినప్పుడు నీళ్లు వస్తున్నాయా, మిల్లు తిరుగుతోందా, తొట్టి వ్యాసం ఎంత, ఇవి రాసుకోండి. కొండ ఎత్తు కంటే రాంచర్‌కి ఇవే ఎక్కువ పనికొస్తాయి.

గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి. తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే. తెరిచి ఉంది కదా అని మర్యాదకి మూసేస్తే, అవతలి ఆవులకి నీళ్లు అందకుండా చేసినవాళ్లవుతారు. ఇసుకలో దిగేముందు టైర్ల గాలి తగ్గించండి. ఎండిన గడ్డి మీద బండి ఆపకండి, కింద కాలే సైలెన్సర్ చాలు బీడంతా అంటుకోవడానికి. ఎద్దులున్న బీడు ఏదో ముందే అడగండి. రాటిల్‌స్నేక్ అనే విషపాములు ఉంటాయి, తొట్టి చుట్టూ గడ్డిలో చూసి కాలు పెట్టండి. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి.

డ్రోన్ అవసరమా? పది వేల ఎకరాలకి నా లెక్కలో అనవసరం. గాలి ఆగదు, పశువులు బెదురుతాయి. లైడార్ తర్వాత కొత్తగా విస్తరించిన బ్లోఅవుట్ ఒకటో రెండో ఉంటే వాటికి మాత్రం వాడండి. అమెరికాలో పని కోసం ఎగరేస్తే పార్ట్ 107 లైసెన్స్ ఉండాలి, నేల నుంచి 400 అడుగులు దాటకూడదు.

ఎత్తు సరిచూడటం

కాంటూరు మీద రాసిన సంఖ్యని నమ్మే ముందు కొన్ని చోట్ల పరీక్షించండి. నేషనల్ జియోడెటిక్ సర్వే వాళ్ల బెంచ్‌మార్క్‌లు, అంటే ఎత్తు ముందే కొలిచి పెట్టిన ఇత్తడి బిళ్లలు, రైలు మార్గం వెంట, హైవే వెంట దొరుకుతాయి. వాటి డేటాషీట్‌లోని ఎత్తునీ మీ డీఈఎంలో పక్కనున్న నేల ఎత్తునీ పోల్చండి. అడుగు లోపు తేడా అయితే టెన్షన్ పడక్కర్లేదు. బిళ్ల ఉన్న దిమ్మె నేల కన్నా ఎత్తులో ఉండొచ్చు, దాన్ని టేపుతో కొలిచి తీసేయండి.

ఉపగ్రహ సంకేతాలతో స్థానం కొలిచే రెండు ఫ్రీక్వెన్సీల జీఎన్ఎస్ఎస్ రిసీవర్ మీ దగ్గరుంటే రాంచ్ మధ్యలో రెండు గంటలకి పైగా కదలకుండా ఉంచి, ఆ ఫైల్‌ని అదే సర్వే వాళ్లు స్థానం లెక్కకట్టి ఇచ్చే ఓపస్ సేవకి పంపండి, సెంటీమీటర్ల స్థాయిలో జవాబు వస్తుంది. అందులో రెండు ఎత్తులు ఉంటాయి. ఒకటి ఎలిప్సాయిడ్ అనే ఊహా భూగోళం మీద లెక్క, రెండోది సముద్రమట్టానికి దగ్గరగా ఉండే ఎన్ఏవీడీ 88. ఆ రెంటికీ ఇక్కడ సుమారు 20 మీటర్ల తేడా. మన హైదరాబాద్‌లో అయితే ఆ తేడా 70 మీటర్లు దాటుతుంది. మ్యాప్‌కి కావాల్సింది రెండోదే.

కాగితం మీదికి

16 సెక్షన్ల రాంచ్ నాలుగు మైళ్ల పొడవు, నాలుగు మైళ్ల వెడల్పు ఉంటే, 1:24,000లో పదిన్నర అంగుళాలు వస్తుంది. 11కి 17 అంగుళాల కాగితంలో సరిపోతుంది, బండిలో పెట్టుకోవచ్చు. గోడకి 1:12,000లో, 24కి 36 అంగుళాల షీటు తీయండి. బండి కాపీ తడవని కాగితం మీద వేయించండి. పేర్ల అక్షరాలు మీరు అనుకున్న దానికన్నా రెండు పాయింట్లు పెద్దవి పెట్టండి, కుదుపుల్లో చదువుతారు. సెక్షన్ నంబర్లు సన్నగా బూడిద రంగులో, మిల్లుల పేర్లు నల్లగా. స్కేలు గీత మైళ్లలో. మూలలో లైడార్ తేదీ, ఫొటో తేదీ, మీరు తిరిగిన తేదీ మూడూ వేరు వేరుగా రాయండి. అదే మ్యాప్‌ని జియోపీడీఎఫ్‌గా ఎగుమతి చేసి ఫోన్‌లో వేసిస్తే, సిగ్నల్ లేకపోయినా తాము ఎక్కడున్నారో దాని మీద కనిపిస్తుంది.

చివరి ప్రూఫ్‌ని మళ్లీ అదే వంటింటి బల్ల మీద పరచాలి. నేను ఇచ్చిన దాని మీద ఆయన ఒక గాలిమరని పెన్సిల్‌తో కొట్టేసి పక్కన సోలార్ అని రాశారు. ఒక బీడు పేరు మార్చారు, నేను విన్న పేరు పక్కవాళ్ల బీడుదట. కొండ అనుకుని గీసిన ఆ పెద్ద చిత్తడి దగ్గర మాత్రం వేలు పెట్టి, లోపలికి తిరిగిన పళ్లని ఒకసారి నిమిరి, పక్క షీట్‌కి వెళ్లిపోయారు.